చేప రంగు మారిందా? మందు తర్వాత, ముందు నీళ్లు చూడండి

హన్మకొండలో ఏ అక్వేరియం షాపు దగ్గరైనా కాసేపు నిలబడితే ఈ మాట వినిపిస్తుంది: “అన్నా, మా గోల్డ్‌ఫిష్ నల్లబడ్డది, ఏమన్న మందున్నదా?” ట్యాంకు ఎంతది, నీళ్లు బోరువా నల్లావా, ఎన్ని చేపలున్నాయి అని అడిగే షాపతను దొరికితే మీ అదృష్టం. చాలాసార్లు ఆ ప్రశ్నలేవీ రావు, నీలం మందు సీసా మాత్రం చేతికొస్తుంది. అది మిథిలీన్ బ్లూ. ఫంగస్‌కు, గుడ్లకు పనికొచ్చే మందే. కాకపోతే మెయిన్ ట్యాంకులో పోస్తే ఫిల్టర్‌లో పెరిగిన మంచి బ్యాక్టీరియాను దెబ్బకొడుతుంది. ఆ బ్యాక్టీరియా పోతే చేపల విసర్జనలోంచి పుట్టే అమ్మోనియా అనే విషం నీళ్లలో పెరుగుతుంది, అసలు ఏ జబ్బూ లేని చేప కూడా అప్పుడు పడిపోతుంది. అద్దాల మూలల్లో ఉన్న సిలికాన్ నీలంగా మారడం అదనం.

కాబట్టి సీసా మూత తీసే ముందు ఈ వరుసలో చూసుకోండి.

మొదటి పని: ఎంత తొందరగా మారిందో గుర్తు తెచ్చుకోండి

చేప చర్మంలో రంగు కణాలుంటాయి. కొన్ని నలుపువి, కొన్ని ఎరుపు, పసుపువి, కొన్ని వెలుతురును తిప్పికొట్టి మెరుపునిచ్చేవి. కణం లోపల రంగు పరుచుకుంటే చేప ముదురుగా కనిపిస్తుంది, ఒకచోటికి ముడుచుకుంటే వెలిసినట్టు కనిపిస్తుంది. ఈ పని నరాలు, హార్మోన్ల చేతిలో ఉంటుంది కాబట్టి నిమిషాల్లో జరిగిపోతుంది. కణాల సంఖ్యే పెరగాలన్నా తగ్గాలన్నా వారాలు పడుతుంది. అందుకే ఎంత వేగంగా మారిందన్నది తెలిస్తే సగం కారణం తెలిసినట్టే.

నిమిషాల్లోనో, రాత్రికి రాత్రో మారితే భయం, వెలుతురు, తోటి చేపల తరుముడు కారణం కావచ్చు. నియాన్ టెట్రాలు రాత్రి చీకట్లో సహజంగానే వెలిసిపోతాయి. తెల్లవారుజామున ఠక్కున లైటు వేసి చూసి కంగారు పడకండి, అరగంట ఆగండి. కొత్తగా కొన్న చేప కూడా అంతే. రంగు చేపల వ్యాపారానికి పేరుపడ్డ చెన్నై కొళత్తూరు లాంటి చోట్ల నుంచి ప్లాస్టిక్ సంచిలో రైలో బస్సో ఎక్కి వచ్చిన చేప రెండు మూడు రోజులు పాలిపోయి ఉండటం మామూలే. లైటు ఆపేసి, దాక్కోవడానికి చోటిచ్చి వదిలేయండి.

ఒకటి రెండు రోజుల్లో మారితే మొదటి అనుమానం నీళ్ల మీదే. నెలల తరబడి మెల్లగా మారుతూ వస్తే వయసు, జాతి, మేత, వెలుతురు వైపు చూడాలి.

రోజూ ఒకే టైముకు, ఒకే లైటులో, ఒకే వైపు నుంచి ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. కంటికి అలవాటైపోయిన మార్పు ఫొటోలు పక్కపక్కన పెడితే దొరుకుతుంది. అన్నట్టు, కొత్త ఎల్ఈడీ పెట్టినా, అడుగున తెల్ల రాళ్లు పరిచినా చేప లేత రంగుకు తిరుగుతుంది. చుట్టూ ఉన్న రంగులో కలిసిపోవడం దాని స్వభావం, దానికి వైద్యం అక్కర్లేదు.

రెండో పని: చేప ఎలా తిరుగుతోందో చూడండి

రంగు మారినా మేతకు ఎగబడుతోంది, రెక్కలు విప్పుకొని తిరుగుతోంది, ఊపిరి నిదానంగా ఉంది అంటే మీకు టైమున్నట్టు. రెక్కలు ఒంటికి అతుక్కుపోయి ఉన్నా, పైకొచ్చి నోరు తెరుస్తున్నా, రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటున్నా, మూల పట్టి కదలకపోయినా ఆలస్యం చేయకుండా నీళ్ల పరీక్షకు వెళ్లండి. ఒక్క చేపకే ఉంటే గొడవో దెబ్బో ఆ చేప సొంత జబ్బో అయి ఉండొచ్చు. అన్నిటికీ ఒకేసారి వస్తే తప్పు నీళ్లదే అనుకొని మొదలుపెట్టండి.

మూడో పని: నీళ్లు

ముందుగా ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయో లెక్క కట్టండి. పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న ట్యాంకులో 55 లీటర్ల లోపే. ఈ లెక్క లేకుండా ఉప్పు గానీ మందు గానీ వేయడం గుడ్డిగా వేయడమే.

తర్వాత చుక్కల టెస్ట్ కిట్ ఒకటి కొనండి. షాపులో మందులకు పోసే డబ్బులతో పోలిస్తే పెద్ద ఖర్చేం కాదు. అమ్మోనియా సున్నా ఉండాలి, అది మారితే వచ్చే నైట్రైట్ సున్నా ఉండాలి, చివరికి మిగిలే నైట్రేట్ 40 పీపీఎం (లీటరుకు 40 మిల్లీగ్రాములు) దాటకూడదు. ట్యాంకు పెట్టి నెలన్నర కాలేదంటే మొదటి రెండూ సున్నా ఉండకపోవడమే ఎక్కువ. మంచి బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ట్యాంకు కొన్న రోజే పది చేపలు వేసుకునే ఇళ్లలో మూడో వారానికి మందు సీసాలు వరుస కట్టేది ఇందుకే.

ఓరుగల్లు వైపు నీళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. నగరానికి ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల నీళ్లు శుద్ధి చేసి వదులుతారు, ఊళ్లలో మిషన్ భగీరథ నీళ్లు వస్తాయి. మనం తాగాలి కాబట్టి వాటిలో క్లోరిన్ ఉంటుంది, ఉండాలి కూడా. కానీ అదే క్లోరిన్ చేప మొప్పలను కాలుస్తుంది. ఒంటి మీది జిగురు పొర రేగి చేప పాలు పూసినట్టు తెల్లబారుతుంది. నల్లా నీళ్లను గోలెంలో పట్టి ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) వేసి ఒక రోజు ఉంచండి, లేదంటే షాపుల్లో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే చుక్కలు వేయండి. అందులో ఉండేది ఎక్కువగా సోడియం థయోసల్ఫేట్.

బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు, కాబట్టి నేరుగా పోయొచ్చనుకుంటారు. అక్కడ చిక్కు వేరు. భూమిలోంచి వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉంటాయి. అందుకే పట్టిన వెంటనే కొలిస్తే పీహెచ్ (నీళ్ల పులుపు, క్షార గుణం చెప్పే అంకె) ఒకలా, ఒక రోజు గాలి తగిలాక కొలిస్తే ఇంకోలా, సాధారణంగా పైకి, కనిపిస్తుంది. రెండుసార్లూ కొలవండి. ఈ పీహెచ్ మీద నేనింత పట్టుబట్టడానికి కారణం ఉంది. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, వాటిలో ఒకటే గట్టి విషం. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే విషపు రూపం వందకు ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8కి వెళ్తే అదే ఐదు వంతులు దాటుతుంది, వేడి పెరిగితే ఇంకా ఎక్కుతుంది. అంటే పీహెచ్ తక్కువుండే మెత్తటి నీళ్లున్న చోట చేప ఓర్చుకునే అమ్మోనియా, పీహెచ్ ఎక్కువుండే మన గట్టి బోరు నీళ్లలో, అదీ మే నెలలో, దాన్ని చంపేయగలదు. వేరే రాష్ట్రం వాళ్ల వీడియో చూసి “0.5 ఉంటే ఏం కాదట” అని నమ్మకండి.

ఇక ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో స్లాబు కింది గదిలో ఉన్న ట్యాంకు నీళ్లు 32, 33 డిగ్రీలకు పోవడం వింతేం కాదు. 25 డిగ్రీల నీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ నిలుస్తుంది, 32 డిగ్రీలకు అది 7.3 దగ్గరికి పడిపోతుంది. అదే సమయంలో చేపకు ఊపిరి అవసరం పెరుగుతుంది. గోల్డ్‌ఫిష్ చల్లటి నీటి చేప, 18 నుంచి 24 డిగ్రీలు దానికి సుఖం. ఎండాకాలం మధ్యాహ్నం అది పాలిపోయి పైకి తేలుతుంటే మందు కాదు, చల్లదనం కావాలి. మూత తీసి వల కప్పి, నీటి పైభాగానికి తగిలేలా టేబుల్ ఫ్యాన్ పెట్టండి, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. గడ్డకట్టిన నీళ్ల బాటిల్ తేలనివ్వచ్చు గానీ ఐసు ముక్కలు వేయొద్దు. కరెంటు పోయినప్పుడు పనికొచ్చేలా బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఉంచుకోండి.

మరిచిపోయే సంగతి ఇంకొకటుంది. దోమల కాయిల్, ప్లగ్గుకు పెట్టే లిక్విడ్, స్ప్రే వీటన్నిట్లో సాధారణంగా ఉండేది పైరెత్రాయిడ్ రకం మందు. మనుషులకు పెద్దగా ఏం చేయని మోతాదు చేపకు విషం. గదిలో గాలిని ట్యాంకులోకి తోసేదే ఎయిర్ పంపు. ఆ మందూ దాంతో పాటే పోతుంది. సాయంత్రం స్ప్రే కొట్టారు, రాత్రికి చేపలు ముదురు రంగుకు తిరిగి వంకరగా ఈదుతున్నాయంటే వెంటనే నీళ్లు మార్చండి. దసరాకు ఇంటికి రంగులు వేయించేటప్పుడు కూడా ట్యాంకును వేరే గదిలోకి మార్చండి. అలంకారానికి వేసిన ఇత్తడి బొమ్మలు, రాగి నాణేలు ఉంటే తీసేయండి, రాగి చేపలకు పడదు.

నాలుగో పని: ఏ రంగు, ఎక్కడ

నీళ్లు సరిగానే ఉన్నాయని తేలాక ఇప్పుడు చేప ఒంటిని చదవండి.

గోల్డ్‌ఫిష్ మీద నల్ల మచ్చలు, రెక్కల అంచున మసి అంటినట్టు నలుపు. షాపుల దగ్గర ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే, ఎక్కువగా తప్పుగా అర్థమయ్యేదీ ఇదే. అమ్మోనియా వల్ల చర్మం కాలినప్పుడు ఆ చోట పుండు మానేటప్పుడు నల్ల రంగు కణాలు చేరతాయి. అంటే నలుపు కనిపించేసరికి చాలాసార్లు కాలడం అయిపోయి, మానడం మొదలై ఉంటుంది. విచిత్రం ఏమిటంటే మీరు నీళ్లు మార్చి, అంతా బాగుచేసిన రెండు మూడు రోజులకు ఈ నలుపు బయటపడొచ్చు. “నీళ్లు మార్చాకే నల్లబడ్డది” అని జనం నీళ్లు మార్చడమే మానేస్తారు! అమ్మోనియా సున్నా ఉండి చేప చురుగ్గా ఉంటే ఏ మందూ వేయకండి. కొన్ని వారాల్లో మచ్చలు వాటంతట అవే పోతాయి. పిల్ల గోల్డ్‌ఫిష్‌కైతే ఈ లెక్క కూడా వద్దు. అవి పుట్టడమే మట్టి రంగులో పుడతాయి, తర్వాత నెలల్లో నారింజకు తిరుగుతాయి.

నల్ల చేప బంగారు రంగుకు మారడం. వాస్తు కోసం ఎర్ర చేపల మధ్య ఒక నల్ల చేపను పెట్టుకున్న ఇంట్లో ఇది జరిగితే టెన్షన్ అంతా ఇంతా కాదు. ఇంటికి తగిలిన దృష్టి అది లాగేసుకుందని ఒకరు, కీడు అని ఒకరు. బ్లాక్ మూర్ రకం గోల్డ్‌ఫిష్‌లో వయసుతో, వెచ్చటి నీటితో నలుపు తరగడం జాతి లక్షణం. సాధారణంగా పొట్ట వైపు నుంచి కంచు రంగు మొదలై పైకి పాకుతుంది. ఆరోగ్యానికి ఏ ఢోకా లేదు, నలుపు తిరిగి వస్తుందని మాత్రం ఆశపడకండి.

తెల్ల చుక్కలు. ఒళ్లంతా, రెక్కల మీదా రవ్వ గింజలంత చుక్కలు లేచి, చేప రాళ్లకు రుద్దుకుంటుంటే అది ఇక్ అనే పురుగు జబ్బు, వైట్ స్పాట్ అని కూడా అంటారు. కానీ చుక్కలు మొప్పల మూత మీద, ముందు రెక్కల మొదటి ముల్లు వెంట మాత్రమే వరుసగా ఉన్నాయా? అయితే అది ఈడుకొచ్చిన మగ గోల్డ్‌ఫిష్, అంతే. జబ్బనుకొని దానికి మందు వేసినవాళ్లు చాలామంది ఉన్నారు.

సన్నటి పసుపు ధూళి. గది చీకటి చేసి ఫోను టార్చిని చేపకు పక్కగా, ఏటవాలుగా వేయండి. వీపు మీద బంగారు రంగు పొడి మెరిస్తే వెల్వెట్ జబ్బు. నేరుగా లైటు వేస్తే ఇది కనపడదు, ఏటవాలుగానే వేయాలి.

వీపు మీద జీను వేసినట్టు బూడిద రంగు పట్టీ, లేదా మూతి చుట్టూ తెల్లటి నూగు ఉంటే కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా జబ్బు. చూడ్డానికి ఫంగస్‌లా ఉండి మోసం చేస్తుంది. వేడి నీటిలో ఒకటి రెండు రోజుల్లోనే చంపగలదు. దీనికి పొరపాటున కూడా నీళ్లు వేడి చేయకండి.

ఎర్రదనం ఎక్కడుందో చూడండి. మొప్పలు మంటెక్కినట్టు ఎర్రగా ఉంటే అమ్మోనియా. రెక్కల్లో, పొట్ట మీద నెత్తుటి గీతలుంటే రక్తంలోకి బ్యాక్టీరియా చేరినట్టు. దాంతో పొట్ట ఉబ్బి పొలుసులు లేచి నిలబడితే బతకడం కష్టం. మొప్పలు చాక్లెట్ రంగులోకి పోతే నైట్రైట్. రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వచ్చింది కాబట్టి నీళ్లలో గాలి ఎంత ఉన్నా చేప ఊపిరాడక పైకొస్తుంది.

నియాన్ టెట్రా పగటిపూట కూడా ఎర్ర గీత చెదిరి, ఒంట్లో అక్కడక్కడ తెల్లబారి, గుంపు వదిలి ఒంటరిగా తిరుగుతుంటే నియాన్ టెట్రా జబ్బు కావచ్చు. దానికి మందు లేదు. వెంటనే వేరు చేయండి.

బెట్టా (ఫైటర్ చేప) పాలిపోయి పక్కల మీద తల నుంచి తోక వైపు గీతలు పడితే ఒత్తిడి. షోకేసులో చిన్న గాజు సీసాలో పెట్టిన బెట్టాకు డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల చలి చాలు ఇందుకు. పెద్ద పాత్ర, చిన్న హీటరు ఇవ్వండి. మార్బల్ రకం బెట్టా అయితే మాత్రం ఏడాదికో రంగు చూపిస్తుంది, దాని జన్యువుల్లోనే ఆ చపలత్వం ఉంది.

ఐదో పని: ప్రథమ చికిత్స

ఏ జబ్బో తేలినా తేలకపోయినా ఇది చేసుకోవచ్చు. ఒకటి రెండు రోజులు మేత ఆపండి. క్లోరిన్ తీసిన నీళ్లతో, అదే వేడిలో, 30 శాతం నీళ్లు మార్చండి. అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ ఉంటే అవి సున్నాకు వచ్చేదాకా రోజూ ఇదే. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, రాళ్లు ఎండలో పెట్టి, ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద పిండి ‘శుభ్రంగా’ మొదలుపెట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. అదొక్కటి మానండి. స్పాంజిని ట్యాంకు నుంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు నలిపి తిరిగి పెట్టండి.

తర్వాత ఉప్పు. అయోడిన్ కలపని దొడ్డుప్పు, లీటరుకు 1 గ్రాము. మగ్గులో కరిగించి, గంట తేడాతో రెండు మూడు విడతలుగా పోయండి. నైట్రైట్ మొప్పల్లోకి పోకుండా ఉప్పులోని క్లోరైడ్ అడ్డుపడుతుంది, అందుకే ఆ జబ్బుకు ఇదే అసలు మందు. ఉప్పు ఆవిరైపోదు, నీళ్లు మార్చినప్పుడే తగ్గుతుంది. ఆవిరైన నీటికి బదులు పోసే నీళ్లలో మళ్లీ ఉప్పు కలిపితే మోతాదు మించిపోతుంది. కోరిడోరస్, లోచ్ లాంటి అడుగున తిరిగే చేపలు, మొక్కలు ఉన్న ట్యాంకులో ఉప్పు జాగ్రత్త.

ఆరో పని: మందు వేయక తప్పకపోతే

వేరే టబ్బులో వేయండి. 20 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, ఎయిర్ స్టోన్, పాత ఫిల్టర్ నుంచి తీసిన స్పాంజి ముక్క ఉంటే చాలు. ఇక్‌ గానీ వెల్వెట్ గానీ అయితే మాత్రం దీనికి మినహాయింపు. పురుగు ట్యాంకంతా ఉంటుంది కాబట్టి చికిత్స కూడా ట్యాంకుకే చేయాలి. ఇక్ సంగతికొస్తే, చేప ఒంట్లో దాగిన చుక్క మీద మందు పనిచేయదు, ఆ పురుగు పిల్లలు బయటికొచ్చి నీళ్లలో ఈదేటప్పుడే చస్తాయి. నీళ్లను గంటలు గడిచేకొద్దీ ఒక్కో డిగ్రీ చొప్పున 30 దాకా పెంచితే దాని జీవిత చక్రం వేగంగా తిరిగి త్వరగా దొరికిపోతుంది. మన ఎండాకాలంలో హీటరు అవసరమే పడదు. ఉప్పు లీటరుకు 2, 3 గ్రాముల దాకా, గాలి బాగా, పది రోజులు. చుక్కలు పోయిన రోజే ఆపేస్తే మళ్లీ వస్తుంది. ఇంకో మూడు నాలుగు రోజులు కొనసాగించండి.

వెల్వెట్‌కు లైటు పూర్తిగా ఆపి ట్యాంకుకు గుడ్డ కప్పండి. ఆ పురుగు వెలుతురు మీద కూడా బతుకుతుంది. రాగి ఉన్న మందు వేస్తే నత్తలు, రొయ్యలు ముందే తీసేయాలి. కాలమ్నారిస్‌కు, రక్తపు గీతలకు యాంటీబయాటిక్ కావాలి. మెడికల్ షాపులో మనుషుల క్యాప్సూల్ కొని విప్పి చల్లడం వద్దు, పశువైద్యుణ్ని అడిగి మోతాదు తెలుసుకోండి. వెళ్లేటప్పుడు చేపను పట్టుకుపోకండి. ఫొటోలు, నీళ్ల రీడింగులు, ట్యాంకు లీటర్లు రాసుకొని వెళ్లండి.

మెల్లగా వెలిసే రంగుకు

ఎరుపు, పసుపు రంగులకు కావలసిన కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలను చేప సొంతంగా తయారుచేసుకోలేదు, మేతలోంచే రావాలి. మరమరాలు, బ్రెడ్డు ముక్కలు వేసి పెంచితే ఏ గోల్డ్‌ఫిష్ అయినా వెలిసిపోతుంది. స్పైరులినా (ఒక రకం నాచు), రొయ్య పొడి ఉన్న మేత, వారానికోసారి ఉడికించి తొక్క తీసిన బఠానీ పెట్టండి. ఫలితం వారాల్లో కనిపిస్తుంది, రోజుల్లో కాదు. రోజుకు ఎనిమిది గంటలు లైటు చాలు. చీకటి మూలలో పెట్టిన ట్యాంకులో కూడా రంగు తగ్గుతుంది.

గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగుల్లో అమ్మే విడో టెట్రాల సంగతి వేరు. ఆ రంగు చాలాసార్లు ఇంజెక్షన్‌తోనో, రంగు నీళ్లలో ముంచో ఎక్కించి ఉంటారు. అలా ఎక్కించిన రంగు కొన్ని నెలల్లో పోతుంది, మళ్లీ రాదు. రంగు పోయిన చేపకు నష్టం లేదు, ఎక్కించినప్పుడు పడిన బాధే దానికి అసలు నష్టం. అలాంటివి కొనకపోవడమే మంచిది. షాపులో భగభగలాడి ఇంటికొచ్చాక వెలిసిపోయిన ఫ్లవర్‌హార్న్‌కు కూడా అక్కడ రంగు పెంచే మేతో హార్మోనో పెట్టి ఉండొచ్చు.

చివరిగా, బాగుపడని చేప విషయం. పుండ్లు పడి, చిక్కిపోయి, నడుం వంగిన చేపకు టీబీ లాంటి జబ్బు ఉండొచ్చు, అది మన చేతి గాయాల్లోంచి చర్మానికి అంటుకోగలదు. చేతి మీద కోత ఉంటే గ్లౌజు లేకుండా ఆ ట్యాంకులో చెయ్యి పెట్టకండి. వల, పైపులు కడిగి ఎండలో బాగా ఆరబెట్టాకే ఇంకో ట్యాంకుకు వాడండి. పాపమని ఆ చేపను భద్రకాళి చెరువులోనో, ఊరి చెరువులోనో వదలొద్దు. అక్వేరియంల నుంచి అలా బయటికొచ్చిన సక్కర్ చేప ఇప్పటికే మన చెరువుల్లో వలలు చింపుతూ జాలర్లకు తలనొప్పిగా ఉంది. చనిపోయిన చేపను కాలువలో పారేయకుండా కుక్కలు తవ్వలేనంత లోతున పూడ్చిపెట్టండి.